స్కోరు రాయని కాలేజీకి గ్రౌండు మిగలదు

ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా రాసిపెట్టమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. "మీ ఇష్టం సార్, పాత రోజుల సంగతులైనా ఫరవాలేదు" అన్నారు. పాత సంగతులు రాయడానికి నాకు అభ్యంతరం లేదు గాని, అవి చదివి నిట్టూర్చే తీరిక మీకు ఉంటుందనుకోను. అందుచేత ఒక అభిప్రాయం రాస్తున్నాను. అది ఫుట్‌బాల్‌ను గురించి. సూటిగా చెప్పాలంటే, తన గ్రౌండులో జరిగిన ఆటల స్కోరు రాసిపెట్టుకోని కాలేజీ ఏదో ఒకనాడు ఆ గ్రౌండునే పోగొట్టుకుంటుంది.

ఇదేదో మాటల గారడీ అనుకోకండి. వరసగా మనవి చేస్తాను.

కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి ఫుట్‌బాల్ ఆట ఇదీ అని అమెరికావాళ్లు చెప్పుకొనేది 1869 నవంబరు 6న జరిగింది. ఊరు న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్. ఒక పక్క రట్గర్స్ కాలేజీ, రెండో పక్క ప్రిన్‌స్టన్ కాలేజీ. ఇవాళ అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. ఆనాటిది అది కాదు. గుండ్రటి బంతి. చేత్తో పట్టుకు పోకూడదు, విసరకూడదు. ఒక్కో జట్టుకు పాతికమంది. యాభైమంది కుర్రాళ్లు ఒకే బంతి వెనక పడితే ఎట్లా ఉంటుందో కోటప్పకొండ తిరునాళ్లలో ఒక్కసారి నిలబడ్డవాడికి వేరే చెప్పనక్కర్లేదు. ఎవరు ఏ జట్టో తెలియాలని రట్గర్స్ పిల్లలు ఎర్రగుడ్డలు తలకు చుట్టుకున్నారట. అంటే తలపాగాలన్న మాట! ఆరు గోళ్లకు నాలుగు గోళ్లతో రట్గర్స్ నెగ్గింది. వారం తిరిగేసరికి ప్రిన్‌స్టన్ వాళ్లు తమ ఊళ్లో ఎనిమిదీ సున్నా కొట్టి బదులు తీర్చుకున్నారు. మూడో ఆట జరగనే లేదు. చదువులు పాడవుతున్నాయని పంతుళ్లు అడ్డుపడ్డారని చెబుతారు. ఆ రోజుల్లోనూ అంతే, ఈ రోజుల్లోనూ అంతే! తరవాతి కాలంలో లెక్కలు కట్టినవాళ్లు ఆ యేటి ఛాంపియన్‌షిప్పును రెండు కాలేజీలకూ పంచి ఇచ్చారు.

నూట యాభై ఏళ్లు దాటింది. చూడటానికి వచ్చినవాళ్లు ఇంచుమించు వందమంది. టికెట్టు లేదు, కప్పు లేదు. అయినా ఎందరు ఆడారో, ఎన్ని గోళ్లు పడ్డాయో, తలకు ఏ రంగు గుడ్డ చుట్టారో ఈనాటికీ మనకు తెలుసు. ఎట్లా తెలిసింది? ఆ యేడాదే మొదలైన రట్గర్స్ విద్యార్థుల పత్రిక ఒకటి ఉంది. పేరు టార్గమ్. ఆ నెల సంచికలో ఆట సంగతి రాసుకున్నారు. రాసినవాడు మహారచయిత కాడు, మీలాంటి విద్యార్థే. ఆ ఆట జరిగిన చోట తరవాత కాలేజీ వ్యాయామశాల కట్టారు. ఆ నేల ఆటకే దక్కింది. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని జోలికి వస్తాను.

మన దేశం సంగతి చూద్దాం. 1911 జులై 29న కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్. ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే తెల్ల సిపాయిల జట్టు మీద మోహన్ బగాన్ రెండు గోళ్లకు ఒకటితో గెలిచింది. షీల్డు గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. ముందు గోలు తెల్లవాళ్లదే. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు కెప్టెను శివదాస్ భాదురి స్కోరు సమం చేశాడు. ఆ వెంటనే అభిలాష్ ఘోష్ రెండో గోలు కొట్టాడు. పదకొండు మందిలో పదిమంది ఒట్టి కాళ్లతో ఆడారు. దూరాన ఉన్న జనానికి గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలియజేశారని చెప్పుకొంటారు.

ఇదంతా చాలామందికి తెలిసిన కథే. నేను చెప్పదలచింది వేరే. గెలుపు గోలు కొట్టిన అభిలాష్ ఘోష్ స్కాటిష్ చర్చి కాలేజీ విద్యార్థి. బూట్లు వేసుకుని ఆడిన ఆ ఒక్కడు, సుధీర్ ఛటర్జీ, భవానీపూర్‌లో మిషన్ కాలేజీ అధ్యాపకుడు. ఒక విద్యార్థి, ఒక లెక్చరరు పక్కపక్కన నిలబడి ఆడిన ఆట అది! ఈ సావనీరు చదివే లెక్చరర్లు ఆ వాక్యం మరొక్కసారి చదువుకోవాలని నా మనవి. ఆ పదకొండు మంది పేర్లూ రాసి ఉన్నాయి గనకనే జులై 29ని ఈనాటికీ మోహన్ బగాన్ దినంగా జరుపుకొంటున్నారు.

"అవన్నీ అమెరికా గొప్పలు, బెంగాలు గొప్పలు, మనకేముందండీ?" అనేవాళ్లుంటారు. మనకు లేకేం? సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు. 1909లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు, ఆ జట్టుకు ఆడాడు. తరవాత హైదరాబాదు బడుల్లో పంతులుగా పనిచేశాడు. అందుకే లోకమంతా ఆయన్ని రహీం సాబ్ అనేది. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ యేడాదే ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది, డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాదు దాటి పోలేదు. 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో ఆయన చేతికింద భారత జట్టు ఇరాన్ మీద ఒక గోలుతో నెగ్గి స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్లే అరడజను మంది. సికిందరాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ వాళ్లలో ఒకడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె లేకపోతే రోజుకో రూపాయి రహీం సాబే చేతిలో పెట్టేవాడట. 1962లో జకార్తాలో కొరియా మీద రెండుకొకటి, మళ్లీ ఏషియన్ స్వర్ణం. అప్పటికే ఆయన్ను కాన్సరు తినేస్తోంది. మరుసటి యేడు జూన్‌లో పోయాడు.

ఆయన గొప్పదనం కప్పుల్లో కన్నా పద్ధతిలో ఉంది. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే నిబంధన మీద టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి అందించి తీరాలి. మరో టోర్నమెంటులో వాటంలేని కాలుతోనే ఆడాలి. అంటే కుడికాలివాడు ఎడమకాలితో. వీటికేమైనా లక్షలు కావాలా? ఒక బంతి, నాలుగు గీతలు, తన పని ఏమిటో తెలిసిన ఒక మాస్టారు. కాలేజీల్లో ఉండదగినవీ, ఉండవలసినవీ ఈ మూడే కదా!

మరి రహీం సాబ్ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. అది వచ్చాక కొందరికి తెలిసింది. ఆయన పోయిన అరవై యొక్క సంవత్సరాలకు, బొంబాయివాళ్లు సినిమా తీస్తే, మనవాడని మనకు తెలిసింది. ఈలోగా ఏమైంది? సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ ఆ మరుసటి యేడూ హైదరాబాదు గెలిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తరవాత ఆ ట్రోఫీ మళ్లీ తెలుగు గడప తొక్కలేదు. గుర్తులేని చోటికి ఆట తిరిగి రాదు, ఎందుకంటే పిలిచేవాడు ఉండడు.

ఇక మన కృష్ణా పశ్చిమ డెల్టాకు వద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె. ఒకప్పుడు మూడూ గుంటూరు జిల్లాలోవే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అటు పోయింది, తెనాలి ఇటు మిగిలింది. జిల్లాలు మారినా నేల మారదు. తెనాలి గ్రౌండు నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే బంతి బురదలో దిగబడిపోతుంది, ఎండితే నెర్రెల్లో పడి ఎటు లేస్తుందో తెలియదు. బాపట్ల ఇసుక నేల. అక్కడ బంతి లేవదు, కాళ్లు మాత్రం లాగేస్తాయి. రేపల్లె ఒండ్రు నేల ఈ రెంటికీ మధ్య. నేను లెఫ్ట్ బ్యాక్‌గా ఈ మూడు రకాల నేలల మీదా ఆడాను. తెనాలివాడు బాపట్లలో ఆడితే అరగంటకే రొప్పుతాడు, బాపట్లవాడు తెనాలి బురదలో నిలబడలేడు. సొంత ఊళ్లో ఎవరికి వారే వీరులు! ప్యాసింజరు రైల్లో బంతి వలసంచీ కిటికీకి తగిలించుకుని రేపల్లె పోయి, ఆడి, చీకటి పడ్డాక అరటిపళ్లూ వేరుశనక్కాయలూ తింటూ తిరిగి వచ్చేవాళ్లం. గెలిచిన నాడు బోగీ అంతా గోల, ఓడిన నాడు రిఫరీ మీద గోల.

మరి ఆ ఆటల్లో ఎవరు గెలిచారు? ఎవరు గోలు కొట్టారు? ఇక్కడే వచ్చింది చిక్కు. 1977 నవంబరు 19 అంటే ఉప్పెన వచ్చిన రోజని రేపల్లె, బాపట్ల వైపు ఏ పెద్దవాణ్ణి అడిగినా చెబుతాడు. అది సహజం, అంతటి ఘోరం మరి. కాని ఆ దశాబ్దంలో ఏ యేడు ఏ కాలేజీ ఫుట్‌బాల్లో నెగ్గిందో అడగండి. ఒక్కరు చెప్పలేరు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది, ఇంటర్ కాలేజియేట్ పోటీలు జరిగాయి, బస్సుల్లో వెళ్లాం, బ్యాండేజీలతో వచ్చాం. నాటి సావనీర్లు తిరగేస్తే అధ్యక్షుడి సందేశం ఉంటుంది, కార్యదర్శి నివేదిక ఉంటుంది, వసంతం మీద కవితలు అరడజనుంటాయి. ఆటల విషయంలో మాత్రం ఒకే వాక్యం కనిపిస్తుంది: ఈ సంవత్సరం మన విద్యార్థులు క్రీడలలో చక్కని ప్రతిభ కనబరచినారు. ఎవరు కనబరచినారు? ఎవరి మీద? ఎంత స్కోరుతో? ఆ గ్రూపు ఫోటోల కింద పేర్లు కూడా ఉండవు. కూర్చున్నవారు ఎడమనుంచి కుడికి అని ఉంటుంది, ఆ తరవాత చుక్కలు.

దీనివల్ల నష్టమేమిటో చెబుతాను. ఊరు, కాలేజీ పేర్లు అడగవద్దు. కొన్నేళ్ల కిందట పూర్వవిద్యార్థుల సమావేశానికి వెళ్లాను. గ్రౌండులో రోడ్డు వైపు ముక్కలో షాపులు కట్టి అద్దెకివ్వాలని ప్రతిపాదన. కాలేజీకి ఆదాయం వస్తుందని, ఆ స్థలం ఊరికే పడి ఉందని వాళ్ల వాదన. మాలో కొందరం లేచి అభ్యంతరం చెప్పాం. కమిటీలో ఒక పెద్దమనిషి చాలా మర్యాదగానే అడిగారు.

"మాస్టారూ, మీరు చెబుతున్నారు గనక కాదనను. కాని ఈ గ్రౌండులో మన కాలేజీ ఏం గెలిచిందో ఒక్కటి చెప్పండి, రాసుకుంటాను."

నా పక్కన కూర్చున్న మిత్రుడు రెండుకొకటితో ఫైనల్ గెలిచామన్నాడు. వెనక వరసలోంచి ఇంకొకాయన, "కాదురా, మూడుకు రెండు. పెనాల్టీ మీద కదా నెగ్గింది?" అన్నాడు. మూడో ఆయన లేచి అసలు ఆ ఫైనల్ మన గ్రౌండులో జరగనే లేదన్నాడు. సభ ఘొల్లుమంది. నవ్వులో తీర్మానం నెగ్గిపోయింది. ఈనాడు పెనాల్టీ ఏరియా ఉన్న చోట ఒక సెల్‌ఫోన్ల దుకాణం, ఒక మందుల షాపు ఉన్నాయి.

అక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. వాళ్లు అడిగింది రుజువు. మన దగ్గర ఉన్నది జ్ఞాపకం. రుజువుకూ జ్ఞాపకానికీ పోటీ పెడితే ఏది నెగ్గుతుందో కోర్టు మెట్లెక్కిన ఏ రైతునైనా అడగండి, అడంగలులో పేరు లేనివాడి పొలం సంగతి చెబుతాడు. సావనీరులో ఆటల పుట కాలేజీ గ్రౌండుకు అడంగలు వంటిది. "1869లో ఇక్కడ ఆడారు" అని రాసి ఉన్న నేల మీద వ్యాయామశాల లేచింది. ఏమీ రాసి లేని నేల మీద షాపులు లేచాయి. నా వాదన అంతా ఇంతే.

రాసినంత మాత్రాన గ్రౌండు మిగులుతుందా అంటారు. ప్రతిసారీ మిగలకపోవచ్చు. డబ్బు అవసరం నిజమైనది, జీతాలకు వెతుక్కునే కాలేజీలున్నాయి. కాని రాయకపోతే వాదించడానికి కూడా ఆధారం ఉండదు. పైగా చుట్టూ చూడండి. మేడ మీద మేడ వేసి, లిఫ్టు పెట్టి, పిల్లలు కాలు చాపుకొనే జాగా లేకుండా నడిచే జూనియర్ కాలేజీలు మన ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కర్లేదు. రెండేళ్లు అక్కడ చదివి డిగ్రీకి వచ్చే పిల్లవాడికి గ్రౌండు అనేది కాలేజీలో ఉండవలసిన వస్తువన్న సంగతే తెలియదు. వాడికి మొదటిసారి పచ్చిక తగిలేది మన కాలేజీలోనే. అదీ లేకపోతే ఇక ఎక్కడ?

క్రికెట్టు ఉండగా ఫుట్‌బాల్ ఎందుకని మరో ప్రశ్న. క్రికెట్టు మీద నాకు కోపం లేదు. కాని ఒక క్రికెట్ కిట్టు ఖరీదుకు ఎన్ని ఫుట్‌బాల్ బంతులు వస్తాయో పి.డి. గారిని అడగండి. ఒక్క బంతి కొంటే ఇరవై ఇద్దరు గంటన్నర సేపు పరుగెత్తుతారు, తన వంతు కోసం చెట్టుకింద కూర్చునేవాడు ఉండడు. ఆడపిల్లలకూ ఇదే మాట. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. మన డెల్టా అమ్మాయిలకు కాళ్లు లేవా, ఊపిరి లేదా? సాయంత్రం ఒక గంట గ్రౌండు వాళ్లకని కేటాయించి, ఆ గంటలో గట్టు మీద వెకిలి నవ్వులు నవ్వేవాళ్లను అవతలికి పంపితే చాలు.

ఇప్పుడు నేను కోరేవి మూడు. యూనియన్ వారు చేయగలిగినవే.

మొదటిది, వచ్చే సంచిక నుంచి సావనీరులో ఒక పూర్తి పుట ఆటలకు కేటాయించండి. తేదీ, స్థలం, ప్రత్యర్థి, స్కోరు, గోళ్లు కొట్టినవాళ్లు, పదకొండు మంది పేర్లు, రిఫరీ పేరు. పి.డి. గారి పేరుతో పాటు తెల్లవారుజామున లేచి సున్నంతో గీతలు గీసే మార్కరు పేరు కూడా వేయండి. అతను గీత గీయకపోతే గోలుకూ గోల్‌కిక్కుకూ తేడా లేదు. ఓడిపోయిన ఆటలు కూడా రాయాలి, అదీ ముఖ్యంగా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం సాబ్ జట్టే యుగోస్లావియా చేతిలో పది గోళ్లు తిని ఒకటి కొట్టింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ స్కోరును ఎవరూ దాచలేదు. అది చూసే బూట్లు తప్పనిసరి చేశారు, నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఓటమి రాసుకున్నవాడికే దిద్దుకునే దారి దొరుకుతుంది.

రెండోది, తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల మధ్య ఏటా ఒక చిన్న టోర్నమెంటు పెట్టండి. ఒక్కో సంవత్సరం ఒక్కో ఊళ్లో. వెండి కప్పులూ మంత్రిగారి సభలూ వద్దు. రహీం సాబ్ పద్ధతిలో మొదటి రోజు డ్రిబ్లింగ్ లేని ఆట పెట్టి చూడండి, మన కుర్రాళ్ల గొప్ప ఎంతో మనకే తెలుస్తుంది. లెక్చరర్లు ఒక పావుగంటైనా దిగండి. సుధీర్ ఛటర్జీ అంతటివాడు దిగగా లేనిది, మనకు పోయే పరువేమిటి?

మూడోది పూర్వవిద్యార్థులకు. మీ పెట్టెల్లో గ్రూపు ఫోటోలున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. వాటి నకళ్లు కాలేజీకి పంపండి. వెనక పేర్లు రాయండి. గుర్తున్న స్కోరు రాయండి, పక్కన ఉన్న ఇద్దరినీ అడిగి సరిచూసి మరీ రాయండి. లేకపోతే మళ్లీ రెండుకొకటి, మూడుకు రెండు అని సభలో కొట్టుకుంటాం. మనం ఉండగానే ఈ పని కావాలి. మా జట్టు పదకొండు మందిలో ఇప్పటికే నలుగురు లేరు. గోల్‌కీపరు పోయిన సంవత్సరం పోయాడు. పెనాల్టీ ఉందో లేదో ఖచ్చితంగా చెప్పగలిగినవాడు అతనొక్కడే.

సంపాదక మిత్రులకు చివరి మనవి. ఈ వ్యాసం పొడవైందని కత్తిరించవలసి వస్తే, నేను రాసిన పాత కబుర్లు నిరభ్యంతరంగా కత్తిరించండి. ఆ ఖాళీలో ఈ సంవత్సరం మన జట్టు ఆడిన ఆటలూ, వాటి స్కోర్లూ వేయండి. పదకొండు మంది పేర్లూ ఇంటిపేర్లతో సహా.